పెరటి గుమ్మం దగ్గర రెండో ఓపీ

ఈ వారం ఉత్తరం దివిసీమలోని ఒక పల్లెటూరి నుంచి వచ్చింది. రాసినవారు నలభై నాలుగేళ్ల ఎంబీబీఎస్ డాక్టరు. మందుల కంపెనీవాళ్లు ఇచ్చిపోయే ప్యాడ్ల నుంచి చింపిన పన్నెండు కాగితాలను, రోగులందరూ వెళ్లిపోయిన రాత్రులలో నాలుగైదు విడతలుగా నింపినట్టు సిరా రంగులను బట్టి తెలుస్తోంది. చేతిరాత డాక్టర్ల చేతిరాతే కావడంతో మూడు చోట్ల భూతద్దం పట్టుకోవలసి వచ్చింది. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసివేసి, ఆయన అనుమతితో సారాంశం ఇస్తున్నాను.

ఆయన అనంతపురం జిల్లావారు. పదకొండేళ్ల కిందట ఈ ఊరికి వచ్చి, ఒక పాత పెంకుటిల్లు అద్దెకు తీసుకుని, వీధి గదిలో వైద్యమూ వెనక గదులలో కాపురమూ పెట్టారు. రోజుకు అరవై డెబ్బై మందిని ఒక్కరే చూస్తారు. ఇవ్వగలిగినవాళ్ల దగ్గర వంద రూపాయలు తీసుకుంటారు, ఇవ్వలేనివాళ్లను అడగరు. అవసరం లేనిదే సూది వేయరు, సెలైన్ ఎక్కించరు. వేయమని పట్టుబట్టేవాళ్లను కేకలేసి పంపేస్తారు. "జ్వరానికి సూది వేయమన్నవాడికి మర్యాదగా నచ్చజెబితే నేరుగా పక్క వీధి ఆర్ఎంపీ దగ్గరికి పోతాడు, తిడితే భయంతోనైనా నాలుగు బిళ్లలు మింగుతాడు" అన్నది ఆయన సిద్ధాంతం.

ఇరుగుపొరుగు గురించి ఆయన నాలుగు కాగితాలు ఖర్చు పెట్టారు. ఎడమ పక్క ఇంట్లోని రిటైరైన లెక్కల మాస్టారు రోజుకు ఆరుసార్లు బీపీ చూసుకుని, ఆ అంకెలను గ్రాఫు కాగితం మీద పైది ఎర్ర సిరాతో, కిందిది నీలం సిరాతో గీసి, తెల్లవారి ఐదున్నరకల్లా తలుపు తడతారు. కుడి పక్క పిన్నిగారికి మూడు గేదెలు. ఓపీ వేళకు ఆవిడ డాక్టరు గారి అరుగు మీద చేరి, వచ్చినవాళ్లను ముందు తానే పరీక్షించి, "నీది పైత్యమేలే, లోపలికి పోయి తిట్లు తినడం ఎందుకు" అని కొందరిని తిప్పి పంపేస్తారు. గేదె మేత మానేసినా మందు ఈయన్నే అడుగుతారు. ఎదురింటి డాబాలో ఉండే అరవై అయిదేళ్ల పెద్దాయన ఒక చేంతాడు, తాళం వేసిన ట్రంకు పెట్టె ఏడాది పొడవునా మెట్ల పక్కన సిద్ధంగా ఉంచుకుంటారు. గాలి తిరిగినప్పుడల్లా, అర్ధరాత్రయినా సరే, వచ్చి "పాపను మా మేడ మీదికి పంపండి" అని తలుపు కొడతారు. కిందటి అక్టోబరులో మొంథా తుఫాను రాత్రి డాక్టరు గారు ఆయన ముఖాన గేటు వేసేశారు. భార్య మాత్రం పాపను తీసుకుని పెరటి దారిన వెళ్లి, తెల్లవార్లూ ఆ డాబా పైగదిలోనే కూర్చున్నారు.

భార్య పెళ్లికి ముందు విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. పెళ్లయి పదమూడేళ్లు. పాప ఐదో తరగతి. సంక్రాంతి వెళ్లిన వారంలో ఆవిడ, జూన్ నుంచి పాపతో విజయవాడ వెళ్లిపోతాననీ, మళ్లీ ఉద్యోగంలో చేరతాననీ, ఆయన రాదలచుకుంటే రావచ్చుననీ చెప్పారు. డాక్టరు గారు ఆవిడను వీధి గదిలోకి పిలిచి కారణం అడిగారు. ఆవిడ రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చుని "పాప చదువు" అన్నారు. నాలుగు నిమిషాలలో ఆ మాటలు ముగిశాయి. అప్పటినుంచి ఇంట్లో "భోజనానికి రండి", "కరెంటు బిల్లు కట్టాలి" తప్ప మరో మాట లేదు. ఇరుగుపొరుగు రాకపోకలతో విసిగి ఆవిడ వెళ్లిపోతున్నారని ఆయన నమ్మకం. "నేను కూడా ఊరు వదిలి కార్పొరేట్ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరాలా, వీళ్లెవరినీ గుమ్మం తొక్కనివ్వకుండా చేయాలా, ఆవిడను వెళ్లనివ్వాలా? ఒక్క వాక్యంలో చెప్పండి, నాకు తీరిక తక్కువ" అని ఉత్తరం ముగించారు.

డాక్టరు గారూ,

ఒక్క వాక్యంలో చెప్పలేను. మీ రోగుల మాదిరిగా నాకు మీరంటే భయం లేదు కనుక, మీ తీరికను కొంచెం ఎక్కువే వాడుకుంటాను.

మీ నాలుగో కాగితం అడుగు భాగంతో మొదలుపెడతాను. పిన్నిగారి నోటి దురుసుకు ఉదాహరణగా మీరు అక్కడ ఒక సంగతి రాశారు. ఊళ్లో యాభై రెండేళ్ల ఆవిడ, బీపీ మనిషి, "తగ్గిపోయింది కదా" అని బిళ్లలు మానేసి నవంబరులో మీ దగ్గరికి వస్తే, నలుగురి ముందూ "చావదలుచుకున్నదానివి నా దగ్గరికెందుకు వచ్చావు" అన్నారు. ఆవిడ బుద్ధిగా మళ్లీ బిళ్లలు మొదలుపెట్టింది. ధనుర్మాసం సగం దాటాక అవి అయిపోయాయి. వీధి గుమ్మంలోకి రావడానికి జంకి, పెరటి వైపు వచ్చి మీ శ్రీమతిని అడిగింది. ఆ రోజు పొద్దుటినుంచీ మీ కేకలు వింటున్న మీ శ్రీమతి, "ఈ రోజు ఆయన కోపంగా ఉన్నారు, రేపు రామ్మా" అని పంపేశారు. ఆ రేపు ఆవిడ రాలేదు. తొమ్మిదో రోజున కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. "ఈ సంగతి ఊరంతా చాటింది పిన్నిగారే" అని మీరు ఆ పేరా ముగించి, తరువాతి వాక్యంలో గేదె సంగతికి వెళ్లిపోయారు.

ఆ పేరాను నాలుగుసార్లు చదివాను. తరువాత మీ కాగితాలలోని తేదీలను పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఆవిడకు పక్షవాతం వచ్చింది భోగికి మూడు రోజుల ముందు. మీ శ్రీమతి విజయవాడ మాట ఎత్తింది సంక్రాంతి వెళ్లిన వారంలో. మొదటిది నాలుగో కాగితంలోనూ రెండోది తొమ్మిదో కాగితంలోనూ ఉండడంతో, నడుమ ఉన్నది పది పన్నెండు రోజులేనన్న సంగతి మీ దృష్టికి రాలేదనుకుంటాను. పదకొండేళ్లుగా గేదెలనూ గ్రాఫులనూ తుఫాను హెచ్చరికలనూ భరించిన మనిషి, సరిగ్గా ఆ పది రోజులలోనే ఇరుగుపొరుగు వల్ల విసిగిపోయారంటే నేను నమ్మలేకపోతున్నాను. "రేపు రామ్మా" అన్న మాట ఆవిడ లోపల కూర్చుని ఉందని నా అనుమానం. ఇది అనుమానమే, ఆవిడను నేను చూడలేదు, మాట్లాడలేదు. అవునో కాదో తెలుసుకోవలసింది మీరు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నగారు ఒక పల్లెటూరి డాక్టరు దగ్గర ఇరవై ఆరేళ్లు కాంపౌండరుగా పనిచేశారు. ఆ డాక్టరు గారు కూడా మీలాంటివారే. హస్తవాసి మంచిది, నోరు మంచిది కాదు. లోపల తిట్లు తిని కళ్లనీళ్లతో బయటికి వచ్చిన ముసలమ్మను మా నాన్నగారు బల్ల మీద కూర్చోబెట్టి, ఎర్ర మందు సీసాకు కాగితపు పట్టీ అంటించి, మోతాదుకు ఒక గాటు చొప్పున కత్తెరతో కత్తిరించి, "పొద్దున ఈ గాటు దాకా, సాయంత్రం ఈ గాటు దాకా, ఆయన కోపమంతా నీ జబ్బు మీదేనమ్మా, నీ మీద కాదు" అని చెప్పి పంపేవారు. డాక్టరు గారు కోప్పడగలిగారంటే, ఆ కోపాన్ని మందుగా మార్చే మనిషి ఒకరు జీతానికి బయట ఉండబట్టే. మీ పన్నెండు కాగితాలలో కాంపౌండరు ఎక్కడా కనపడలేదు, నర్సు కనపడలేదు. "జీతం ఇచ్చి ఇంకొకరిని పెట్టుకునేంత ప్రాక్టీసు కాదు" అని ఒక చోట రాశారు. అయినా ఆ పని ఆగలేదు. మీ శ్రీమతి "పొద్దస్తమానం పెరట్లో ఆడవాళ్లతో కబుర్లు" పెట్టుకుంటారని రెండో కాగితంలో ఫిర్యాదు చేశారు చూడండి, అది కబుర్లు కాదని నా నమ్మకం. బిళ్ల అన్నానికి ముందా తరువాతా, రక్త పరీక్ష ఎక్కడ చేయించుకోవాలి, ఆయన నిజంగానే చచ్చిపోతావన్నారా ఊరికే అన్నారా అని, మిమ్మల్ని అడగడానికి భయపడినవన్నీ ఊరి ఆడవాళ్లు ఆవిడను అడుగుతున్నారు. వీధి గదిలో మీ ఓపీ నడుస్తుండగా పెరటి గుమ్మం దగ్గర రెండో ఓపీ నడుస్తోంది. వైద్యం చదవని కెమిస్ట్రీ లెక్చరరు దాన్ని పదకొండేళ్లుగా, పొయ్యి మీద కూర చూసుకుంటూ నడుపుతున్నారు. అక్కడ ఒక రోజు ఒక పొరపాటు జరిగింది. మీకు జరిగే పొరపాట్లను మోయడానికి మీ చదువు, అనుభవం ఉన్నాయి. ఆవిడ దగ్గర ఏమీ లేవు.

మీ సిద్ధాంతంలో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. వైరల్ జ్వరానికి సూది అడిగేవాడికి నచ్చజెప్పడం కంటే కసరడం తొందరగా అయిపోతుంది. రోజుకు డెబ్బై మందిని చూసే మనిషికి నిమిషం విలువ నాకు తెలుసు. అడిగినవాడికల్లా డైక్లోఫెనాక్, స్టెరాయిడ్ సూదులు పొడిచే మర్యాదస్తుడి కంటే, పొడవనని తిట్టే మీరే ఆ ఊరికి మేలు. అయితే తిట్టు రెండు రోజుల జ్వరం దగ్గర పనిచేసినట్టు జీవితాంతం బిళ్ల మింగవలసిన జబ్బు దగ్గర పనిచేయదు. బీపీ మనిషి ఏ నొప్పీ లేకుండానే నెలనెలా మీ గుమ్మం తొక్కాలి. బాధ తరమని చోటికి, తిట్లు తినడానికి, సొంత ఖర్చులతో ఎవరు వస్తారు? పైగా తిట్టే డాక్టరుకు రోగి అబద్ధం చెబుతాడు. వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నానంటాడు. స్టూలు మీద కూర్చున్న మీ శ్రీమతి "పాప చదువు" అని చెప్పింది కూడా, తిట్టడానికి వీలులేని కారణమనే కావచ్చు.

మీ గొంతు ఎప్పుడూ కటువుగానే ఉంటుందనీ కాదు. ఆరో కాగితంలో మీరు క్లుప్తంగా దాటేసిన రాత్రి ఒకటి ఉంది. నాట్లు ముమ్మరంగా పడుతున్న రోజులలో, తెల్లవారుజామున నాలుగింటికి, కడుపునొప్పి అంటూ ఒక పదేళ్ల పిల్లను తెచ్చారు. ఒంటి మీద గాటు లేదు. కనురెప్పలు వాలిపోతుండడం చూసి కట్లపాము అని పోల్చుకున్నారు. 108 వచ్చేవరకూ ఆగి, బండిలో ఆ పిల్ల పక్కన మీరే కూర్చుని, ఊపిరి తగ్గిపోతుంటే ఆంబూ బ్యాగు నొక్కుతూ మచిలీపట్నం దాకా వెళ్లారు. "దారి పొడవునా పిల్లతో మాట్లాడుతూనే ఉన్నాను" అని రాశారు. ఏం మాట్లాడారో రాయలేదు. తిట్టి ఉండరు కదా! మరో మాట కూడా అక్కడే రాశారు, మీరు గమనించలేదేమో: ఆ రోజు మిమ్మల్ని నిద్రలేపింది పిన్నిగారు, రోడ్డు మీద నిలబడి టార్చి ఊపి 108ను సందులోకి మళ్లించింది ఎదురింటి పెద్దాయన.

ఇప్పుడు మీరు అడిగిన దారులకు వస్తాను.

కుటుంబమంతా విజయవాడ వెళ్లడం ఒక దారి. పాప చదువుకు, మీ శ్రీమతి ఉద్యోగానికి అది మంచిదే. పెద్ద ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఉద్యోగమంటే రాత్రి షిఫ్టులు, మీ కంటే చిన్నవాళ్లయిన స్పెషలిస్టుల కింద పని, చూసిన రోగి తరువాత ఏమయ్యాడో తెలియకపోవడం. పదకొండేళ్లు ఒంటరిగా నిర్ణయాలు తీసుకున్న మీకు ఆరు నెలలలో ఊపిరి ఆడదని నా భయం. అక్కడ కేకలేస్తే పెరటి గుమ్మం ఉండదు, ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది. అయితే ఒక హెచ్చరిక. "ఈ ఊరికి నేను తప్ప దిక్కెవరు" అన్న వాదనను మీ శ్రీమతి ముందు పెట్టకండి. కట్లపాము కరిచిన పిల్ల విషయంలో అది నిజమే. ఆ నిజాన్ని ఆవిడ మీద పెట్టి తూకం వేస్తే, ఆవిడ ఊరికి శత్రువైనట్టు అవుతుంది. ఆవిడ ఇప్పటికే ఒక మనిషి బరువు మోస్తున్నారు.

ఆవిడ, పాప వెళ్లడం, మీరు ఉండిపోవడం రెండో దారి. దూరం మరీ ఎక్కువేం కాదు, కరకట్ట వెంట వస్తే రెండు గంటల ప్రయాణం. చాలా కుటుంబాలు ఇలా గడుపుతున్నాయి, కొన్ని బాగానే గడుపుతున్నాయి. కాకపోతే ఆదివారం వస్తాననే మాట మీ వృత్తిలో ఎంత నిలుస్తుందో మీకే తెలుసు. జూన్ నుంచి అక్టోబరు దాకా, నాట్ల కాలమూ పాముల కాలమూ జ్వరాల కాలమూ ఒక్కటే. మీరు వెళ్లలేని ఆదివారాలన్నీ ఆ నెలలలోనే వస్తాయి, పాపకు కొత్త బడి కూడా ఆ నెలలలోనే. ఈ దారి ఎంచుకుంటే, నెలలో ఒక ఆదివారం మాత్రమే చెప్పి, ఆ ఒక్కటీ తప్పకుండా వెళ్లండి. నాలుగు చెప్పి ఒకటి వెళ్లడం కంటే అది నయం. ఇంకో సంగతి: ఆవిడ లేని ఇంట్లో రెండో ఓపీ మూతపడుతుంది. మీ ప్రాక్టీసులో ఎంత భాగం ఆవిడదో అప్పుడు మీకు అంకెలలో కనపడుతుంది. ఆ ప్రయోగం నేను కోరడం లేదు.

మూడోది మీరు అడగని దారి. వైద్యాన్ని ఇంట్లోంచి బయటికి తీయండి. అదే ఊళ్లో, రెండు వీధుల అవతల, ఇంటితో గోడ కలవని రెండు గదులు అద్దెకు దొరక్కపోవు. జిల్లా వైద్యారోగ్య శాఖ అధికారి కార్యాలయంలో క్లినిక్ చిరునామా మార్పించుకోవడం కొంచెం తిరుగుడు పని, అంతే. నర్సింగ్ చదివిన అమ్మాయిని ఒకరిని జీతానికి పెట్టుకోండి. ఇది ఖర్చని మీరంటారు. ఇంతకాలం ఆ ఖర్చు ఎవరు కట్టారో పైన రాశాను. ఆ అమ్మాయి చేతిలో ఒక రిజిస్టరు ఉండాలి: బీపీ, షుగరు మనుషుల పేర్లు, ఎవరి బిళ్లలు ఏ తేదీకి అయిపోతాయో. తేదీ దాటిన మనిషికి ఫోను వెళ్లాలి. ఆ మనిషి మీ ముఖం చూడకుండానే, బీపీ చూపించుకుని, అవే బిళ్లలు రాయించుకుని పోగలిగే ఏర్పాటు ఉండాలి. అంకె ఎక్కువగా ఉంటేనే మీ గదిలోకి. కొనలేనివాళ్లకు 104 బండి దగ్గరా, ఊరి హెల్త్ క్లినిక్‌లోనూ బిళ్లలు ఉచితంగా ఇస్తారని చెప్పే మనిషి కూడా ఆ అమ్మాయే. ప్రభుత్వం బిళ్లలను మీరు చిన్నచూపు చూస్తారని ఒక చోట అర్థమయింది. ధనుర్మాసంలో ఆవిడ దగ్గర అవైనా ఉండి ఉంటే సరిపోయేదని మీకు వేరే చెప్పాలా?

ఈ మూడో దారిలోనూ చిక్కు ఉంది. ఇంత చేసినా మీ శ్రీమతి వెళ్తాననవచ్చు. కెమిస్ట్రీ చెప్పాలన్న కోరిక ఈ సంగతికి ముందే ఆవిడలో ఉండి ఉంటుంది. పదమూడేళ్లు పెట్టెలో పెట్టిన చదువు అది. అవనిగడ్డలోనో మచిలీపట్నంలోనో కాలేజీలో చేరి రోజూ వెళ్లి రావడం ఆవిడకు ఇష్టమో కాదో నాకు తెలియదు. ఇల్లు ఆ ఊళ్లలో ఒకదానికి మార్చుకుని, మీరే పొద్దున వచ్చి రాత్రి వెళ్లే పద్ధతి కూడా ఉంది. అలా చేస్తే తెల్లవారుజామున నాలుగింటి కేసులు మీ చేతికి రావు. ఆ రాత్రులను వదులుకోవడం మీ వల్ల అవుతుందా? నాకైతే కాదనిపిస్తోంది, చెప్పవలసింది మీరు.

వీళ్లెవరినీ గుమ్మం తొక్కనివ్వకుండా చేయడమన్న ఆలోచనను మాత్రం పక్కన పెట్టండి. క్లినిక్ ఇంట్లోంచి వెళ్లిపోతే సగం సమస్య దానితోనే వెళ్లిపోతుంది. మాస్టారికి కసురుడు కాకుండా లెక్క ఇవ్వండి: ఐదు నిమిషాలు కూర్చున్నాక, నిమిషం ఎడంతో రెండు సార్లు, ఉదయమూ సాయంత్రమూ, నెలలో ఒక వారం మాత్రమే, సరాసరి కట్టి నెలకొక కాగితం. ఆయన లెక్కల మనిషి, నియమం ఇస్తే పాటిస్తారు. నియమం లేకనే ఆరుసార్లు. పిన్నిగారి విషయంలో నా దగ్గర మందు లేదు. కొత్త చోటు అరుగు మీదకు కూడా ఆవిడ చేరుకుంటారు. "పైత్యమేలే" అని మనుషులను తిప్పి పంపడం మాత్రం ప్రమాదం. గుండెపోటు కూడా పైత్యంలాగే మొదలుకావచ్చునని ఆవిడకు ఒక్కసారి, కోపం లేకుండా, కూర్చోబెట్టి చెప్పండి. "ఛాతీ బరువు, చెమట అంటే వెంటనే లోపలికి పంపు" అన్న బాధ్యత అప్పగిస్తే, పంపించివేసే ఆవిడ తీసుకొచ్చే ఆవిడ కావచ్చు. కాకపోవచ్చు కూడా.

ఎదురింటి పెద్దాయన సంగతి వేరు. మీరు అనంతపురంలో పుట్టారు. అక్కడ ఆకాశం వైపు చూడడమంటే వాన కోసం చూడడం. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం వచ్చిపడి, ఒక్క రాత్రిలో వేలమంది కొట్టుకుపోయినప్పుడు ఆయనకు పదహారు పదిహేడేళ్లు ఉండి ఉంటాయి. ఆ చేంతాడు, ఆ ట్రంకు పెట్టె ఎందుకో మీరు రాయలేదు. ఆయన ఇంట్లో ఎవరు పోయారో, ఆయన ఏ చెట్టు పట్టుకుని బతికారో పదకొండేళ్లలో అడిగి ఉండరని అనుకుంటున్నాను. మీ శ్రీమతికి తెలిసి ఉంటుంది. మొంథా రాత్రి ఆవిడ పాపను తీసుకుని అక్కడికి వెళ్లింది మీ మీద అలిగి కాకపోవచ్చు. గాలి తిరిగిన రాత్రి మీ పాపను మేడ మీదికి పిలిచే మనిషి ఎదురింట్లో ఉండడం విజయవాడ అపార్టుమెంటులో దొరికేది కాదని మాత్రం చెప్పగలను.

పైన చెప్పిన దారులలో ఏది ఎంచుకున్నా, దానికి ముందు ఒక పని ఉంది. పక్షవాతం వచ్చిన ఆవిడ ఇంటికి వెళ్లండి. వెళ్లలేదని మీరు రాయలేదు, వెళ్లానని కూడా రాయలేదు. "తప్పు ఒప్పుకున్నట్టు కనపడితే ఊళ్లో నా మాట చెల్లదు" అన్న ఒక వాక్యాన్ని బట్టి వెళ్లలేదనుకుంటున్నాను. ఊరందరి ముందూ క్షమాపణ చెప్పమని అనడం లేదు. స్టెతస్కోపు పట్టుకుని, డాక్టరుగా వెళ్లండి. చేయి, కాలు తిరిగి పట్టు తెచ్చుకోవడానికి మొదటి కొన్ని నెలలు ఎంత విలువైనవో మీకు చెప్పనక్కరలేదు, ఆ నెలలు ఇప్పుడే జరిగిపోతున్నాయి. వేళ్లు ఎలా చాపించాలో, ఎలా లేపి కూర్చోబెట్టాలో ఆ ఇంట్లోవాళ్లకు ఎవరైనా చూపించారో లేదో చూడండి. నవంబరులో అన్న మాట గురించి అక్కడ మీకు ఏదైనా అనాలనిపిస్తే అనండి, అనలేకపోతే వారం తరువాత మళ్లీ వెళ్లండి. పెరట్లోకి వచ్చిన రోజున పంపేసింది మీ శ్రీమతి కాబట్టి, ఆవిడ వస్తానంటే తీసుకెళ్లండి. రమ్మని బలవంతం చేయకండి.

మీ శ్రీమతితో మాట్లాడవలసింది ఆ తరువాత. వీధి గదిలో కాదు. ఆ స్టూలు ఉన్న గదిలో అసలే కాదు. "ఎందుకు వెళ్తున్నావు" అన్న ప్రశ్న ఇంకోసారి వేస్తే "పాప చదువు" అన్న జవాబే ఇంకోసారి వస్తుంది. "ఆ రోజు ఆవిడ పెరట్లోకి రావలసి వచ్చింది నా వల్ల" అని మొదలుపెట్టి, తరువాత ఏమీ అనకుండా కూర్చోగలరా? మీకది కష్టమే, మీరు చీటీ రాసే వేగంతో మాట్లాడతారు. ఆవిడ ఏడవవచ్చు, కోప్పడవచ్చు, అసలు ఆ సంగతే నా మనసులో లేదు, నిజంగానే పాప చదువు కోసమే అనవచ్చు. మూడోది అయితే నేను పొరబడినట్టు, అప్పుడు బడుల గురించి, జీతాల గురించి, అద్దెల గురించి ఇద్దరూ కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకోండి. మొదటి రెండూ అయితే జూన్ దాకా ఇంకా టైముంది, తొందరపడి ఏదీ తేల్చకండి. ఇద్దరికీ మాట పెగలకపోతే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళకైనా. రోగులకు మీరు రాసి ఇచ్చే నంబరే కావచ్చు.

చివరిగా, పన్నెండు కాగితాలలో తలనొప్పి మాట మూడుసార్లు, నిద్ర పట్టని మాట ఐదుసార్లు వచ్చాయి. మీ బీపీ ఎంతో ఎక్కడా రాయలేదు. మాస్టారు రేపు ఐదున్నరకు తలుపు తట్టినప్పుడు, ఆ మిషను పట్టీ ఒకసారి మీ చేతికి చుట్టించుకోండి. ఎర్రది, నీలం తన అంకెలకు వాడేశారు కనుక, మీ కోసం ఆయన మూడో రంగు సిరా వెతుక్కోవలసి వస్తుంది.